ఓటుకు తీసేసిన ఆస్తి లెక్క టికెట్టుకు ఎందుకు?

తెలంగాణలోని రాజకీయ పార్టీల రాష్ట్ర అధ్యక్షులందరికీ,



నల్లగొండ జిల్లాలో ఓటున్న ఒక ఆడమనిషి రాస్తున్న ఉత్తరం ఇది. ముఖ్యమంత్రికి రాసుకో, ఎన్నికల సంఘానికి రాసుకో, పార్టీల వాళ్లకు రాస్తే ఏమొస్తది అని ఇంట్లోవాళ్లు అన్నారు. నేను అడగబోయేది ఇవ్వడం ముఖ్యమంత్రి చేతిలో లేదు, ఎన్నికల సంఘం చేతిలో అంతకన్నా లేదు. బీ ఫారం మీద సంతకం మీ పార్టీలది. అందుకని మీకే రాస్తున్నాను. ఏ ఒక్క పార్టీనో మనసులో పెట్టుకుని రాయలేదు. ఈ విషయంలో మీలో ఎవరికీ ఎవరినీ వేలెత్తి చూపే యోగ్యత లేదు.

ముందు మా రెండు పాత జిల్లాల లెక్క చూడండి. ఉమ్మడి నల్లగొండలో 12 అసెంబ్లీ స్థానాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14. మొత్తం 26. 2023 ఎన్నికల్లో ఈ 26 చోట్ల గెలిచిన ఆడవాళ్లు ఇద్దరు. కోదాడలో పద్మావతి రెడ్డి, నారాయణపేటలో పర్ణికా రెడ్డి. రాష్ట్రం మొత్తం మీద 119 మందిలో పదిమంది గెలిచారు. లోక్‌సభ సంగతి ఇంకా చెప్పుకోలేం. మహబూబ్‌నగర్ నుంచి మొదటి మహిళా ఎంపీ 2024లో వచ్చారు, డి.కె. అరుణ, నాలుగున్నర వేల మెజారిటీతో. 1952లో మొదటి ఎన్నిక జరిగిన 72 ఏళ్లకు. నల్లగొండ నుంచి ఇంకా రానేలేదు. అదే 1952లో రావి నారాయణరెడ్డి గారికి మూడు లక్షల పైచిలుకు ఓట్లు వేసి, నెహ్రూ గారికి వచ్చినవాటి కన్నా ఎక్కువ ఓట్లతో దేశమంతా తిరిగి చూసేటట్టు చేసిన జిల్లా ఇది. ఆ ఓట్లలో మా అమ్మమ్మల ఓట్లున్నాయి.

ఓటు మాకు ఎట్లా వచ్చిందో ఒకసారి గుర్తు చేస్తాను. మీ పార్టీ కార్యాలయాల గోడల మీద ఆ పటాలు పెద్దగా కనిపించవు కాబట్టి.

1917 డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును ఒక మహిళా ప్రతినిధి వర్గం కలిసింది. మగవాళ్లకు ఏ అర్హతల మీద ఓటిస్తారో అవే అర్హతల మీద ఆడవాళ్లకూ ఇవ్వాలన్నది వాళ్ల కోరిక. ఆ వర్గానికి ముందు నిలబడిన మనిషి సరోజినీ నాయుడు, హైదరాబాదులో పుట్టి పెరిగిన బిడ్డ. చిత్రమేమిటంటే ఆమె అడిగిన ఓటు బ్రిటిష్ ఇండియాకే. ఆమె సొంత ఊరున్న నిజాం రాజ్యానికి ఆ అర్జీతో సంబంధమే లేదు. ఇక్కడ శాసనసభకు ప్రజల ఓటు అన్న మాటే లేదు, మగవాళ్లకైనా సరే.

నాలుగేళ్లకు, 1921లో, మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటు హక్కు ఒప్పుకుంది. మా దామరచర్ల పక్కన వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడ నిలబడితే అవతలి ఒడ్డు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు సోమశిల రేవులో నిలబడితే అవతల అప్పటి కర్నూలు జిల్లా. అవతలి ఒడ్డున భూమి శిస్తు కట్టే ఆడమనిషికి ఓటుంది. ఇవతలి ఒడ్డున దొరసానికైనా లేదు. నీళ్లు ఒకటే, భాష ఒకటే, చుట్టరికాలు కూడా ఒకటే. రాజ్యం వేరు.

అయితే అవతలి ఒడ్డు ఆడవాళ్ల ఓటును చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. అది ఆస్తి ఉన్నవాళ్ల ఓటు. ఆడవాళ్లకు ఆస్తే లేని దేశంలో ఆస్తి చూసి ఓటిస్తే ఎంతమందికి వస్తుంది? నూటికి ఒకరికి మించి రాలేదు. 1935లో భారత ప్రభుత్వ చట్టం తెచ్చినప్పుడు తెల్లదొరలకే ఇది కొంచెం ఎబ్బెట్టుగా తోచినట్టుంది, దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. మొగుడికి ఆస్తి అర్హత ఉంటే ఆ లెక్కన పెళ్లానికీ ఓటు. చదవడం రాయడం వచ్చినామెకూ ఇచ్చారనుకోండి, ఆ రోజుల్లో ఆడవాళ్లలో చదువుకున్నవాళ్లు ఎంతమంది? దేశమంతా కలిపి ఓ 60 లక్షల మంది ఆడవాళ్లకు ఓటొచ్చింది. అప్పటి మహిళా సంఘాలు ఈ పద్ధతిని మెచ్చలేదు. మొగుడి పొలం కొలిచి మాకు ఓటిచ్చుడేంది, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఇవ్వండి అని గట్టిగా వాదించాయి. సరోజినీ నాయుడు, ముత్తులక్ష్మీ రెడ్డి, రాజకుమారి అమృత్ కౌర్ అందరిదీ అదే మాట.

ఈ ‘మొగుడి ఆస్తి లెక్క’ను కాస్త గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇవతలి ఒడ్డున ఓటు లేకపోయినా నోరు లేకుండా ఏమీ లేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. దానికి అధ్యక్షత వహించింది మహర్షి కర్వే, దేశంలో మొదటి మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన మనిషి. ఆ సభలోనే ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టిందని అందరూ చెప్పుకుంటారు. ఆ సభ దేనికోసం కూడిందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఆడవాళ్ల చదువు, బాల్య వివాహాలు, వితంతువుల బతుకు మాట్లాడుకోవడానికి కూడిన సభల వరుసలోది అది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల బడి పెడితే, తెలుగు చదువును సర్కారు గుర్తించని ఆ రోజుల్లో, ఆ బడికి గుర్తింపు ఇచ్చింది కూడా కర్వే విశ్వవిద్యాలయమే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆయన పాలమూరు మనిషి. దానికి జతగా అక్కడే ఆంధ్ర మహిళాసభ జరిగింది, నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన. మరుసటి ఏడు రెండో సభలు మా దేవరకొండలో. 1934లో ఖమ్మంలో మహిళాసభకు ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షురాలు. 1936లో షాద్‌నగర్‌లో, అది అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లా, బూర్గుల అనంతలక్ష్మి గారు. సభ పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలి. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు నెత్తి మీద వేలాడుతుండేది. రాజకీయం మాట్లాడకూడదు. అందుకని బడుల గురించి మాట్లాడారు, పరదా గురించి మాట్లాడారు, పసిపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడారు. నన్నడిగితే అంతకు మించిన రాజకీయం లేదు. ఇంట్లో మగవాళ్ల ముందు మంచం మీద కూర్చోవడానికి కూడా వెనకాడే ఊళ్లలో, ఓ ఆడమనిషి వేదిక ఎక్కి అధ్యక్ష కుర్చీలో కూర్చుని, తీర్మానం చదివి, చేతులెత్తమని అడిగింది. చేతులెత్తి ఒప్పుకునుడు, వద్దనుడు ఈ ప్రాంతపు ఆడవాళ్లు అక్కడ నేర్చుకున్నారు, ఓటు రావడానికి ఇరవై ఏళ్ల ముందే.

ఒక లోపం మాత్రం ఒప్పుకోవాలి. ఆ సభల్లో కూర్చున్నది ఎక్కువగా చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లు, వకీళ్ల భార్యలు, దేశ్‌ముఖ్‌ల ఆడపడుచులు. కూలికి పోయే ఆడవాళ్లు ఆ సభలకు రాలేదు. వాళ్లు ఇంకో దారిన వచ్చారు.

ఆ దారి తెలంగాణ సాయుధ పోరాటం, మీ అందరికీ తెలుసు. ఇప్పుడు ప్రతి పార్టీ దాని పేరు చెప్పుకుంటోంది. పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోది. అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న నాలుగు ఎకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడింది. ఆంధ్ర మహాసభ సంఘం అండతో పంట ఇంటికి తెచ్చుకుంది. తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం దళ కమాండర్ అయింది. ఆమె తల మీద పదివేల రూపాయలు పెట్టారు. ఆలేరు వైపు మంతపురిలో 1920లో పుట్టిన ఆరుట్ల కమలాదేవికి చిన్న వయసులోనే పెళ్లయింది, పెళ్లయ్యాకే హైదరాబాదులో చదువుకుంది, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ, దళం, జైలు.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. అదే నెలలో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు మొదలయ్యాయి. తుపాకులు దింపుడు, ఓటు చేతికొచ్చుడు ఒకేసారి జరిగాయి మాకు. నది అవతలి ఆడవాళ్లు ముప్పై ఏళ్లుగా ఆస్తి మెట్లు ఒక్కోటి ఎక్కుతూ వస్తే, ఇవతలివాళ్లం ఒక్క గెంతులో చేరుకున్నాం. 21 ఏళ్లు నిండిన ప్రతి ఆడమనిషికీ ఓటు. పట్టా అడగలేదు, శిస్తు రసీదు అడగలేదు, మొగుడి పొలం అడగలేదు. పేరు మాత్రం అడిగారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని రాయిస్తే, ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల పేర్లు జాబితాల్లోంచి కొట్టేశారు. అంత కఠినం ఎందుకని అప్పట్లో విమర్శించారు గానీ ఆయన చేసిందే న్యాయం. మనిషికి ఓటు గానీ భార్యకు కాదు.

అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ముద్ర వేసే పని లేదు, చీటీ తీసుకెళ్లి నచ్చిన గుర్తున్న పెట్టెలో వేయడమే. చదువు రాని మనిషికి అంతకన్నా సులువైన పద్ధతి లేదు. ఆలేరు ప్రజలు ఆరుట్ల కమలాదేవిని గెలిపించారు. 1952, 1957, 1962, వరసగా మూడుసార్లు. తుంగతుర్తి వాళ్లు 1978లో, 1983లో మల్లు స్వరాజ్యాన్ని గెలిపించారు. ఆడవాళ్లకు జనం ఓటెయ్యరు అని మీ కమిటీల్లో ఎవరైనా అంటే ఈ తేదీలు చూపించండి. జనం వేశారు. మధ్యలో టికెట్టు ఇచ్చేవాళ్లే కరువయ్యారు.

ఐలమ్మకు మాత్రం ఏ పార్టీ టికెట్టూ దక్కలేదు. 1985 సెప్టెంబరు 10న ఆమె పోయింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచి పని, సంతోషించాం. ఆమె ఇంటిలాంటి ఇంటి నుంచి, బట్టలుతికే ఇంటి నుంచి, ఒక ఆడమనిషిని మా 26 స్థానాల్లో ఎక్కడ, ఎప్పుడు నిలబెట్టారో మీలో ఒక్కరైనా చెప్పండి. పేరు పెట్టడానికి ఖర్చు లేదు. టికెట్టుకుంది. అసలు బాధంతా అక్కడే.

మీ దగ్గరికి టికెట్టు కోసం వచ్చిన ఆడవాళ్లను మీవాళ్లు మొదట ఏమడుగుతారో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. “ఎంత పెట్టుకుంటవు?” ఏం పని చేసినవ్, ఎన్ని ఊళ్లు తిరిగినవ్ అని కాదు. ఎంత పెట్టుకుంటవు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఆడవాళ్లు ఎవరుంటారు? అయ్యకో, అన్నకో, మొగుడికో, మామకో ఆస్తీ, పలుకుబడీ ఉన్నవాళ్లు. సరిగ్గా 1935 నాటి లెక్క. అప్పుడు మొగుడి పొలం చూసి ఓటిచ్చారు, ఇప్పుడు మొగుడి పొలం చూసి టికెట్టిస్తున్నారు. ఇప్పుడు గెలిచినవాళ్లు చేతకానివాళ్లని నేననను. వాళ్లు కష్టపడే గెలిచారు, అసెంబ్లీలో ఆ కొద్దిమందైనా ఉండడం మేలు. కానీ ఇంటిపేరు తోడు లేని ఆడమనిషి మీ గేటు దాటలేకపోతోంది. కమలాదేవి, స్వరాజ్యం కూడా భూమి ఉన్న ఇళ్లవాళ్లే, నిజమే. కాకపోతే వాళ్లకు ఇంటి వెలుపల ఇంకో తలుపుండేది, ఉద్యమం. ఆ తలుపు మూసుకున్నాక ఇంటి తలుపొక్కటే మిగిలింది.

ఆస్తి చరిత్ర కూడా చూడండి. మాకు ఓటు 1952లో వచ్చింది. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది 1986లో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేటట్టు. అంటే ఓటొచ్చిన ముప్పై మూడేళ్లకు. అదీ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. కాగితం మీద వాటా ఉన్నా, పసుపు కుంకుమలకింద ఇచ్చేసినం కదా అని అన్నదమ్ములతో అనిపించుకోని ఆడవాళ్లు మా దగ్గర ఎంతమంది? చేతిలో పైసా ఆస్తి నిలవని మనిషిని ఎంత పెట్టుకుంటవు అని అడగడం మొహం మీద తలుపేసినట్టే.

పోటీకి దిగుడంటే ఏంటో మా జిల్లాకు కొత్తగా నేర్పనక్కర్లేదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన బాధ ఢిల్లీకి వినబడాలని నల్లగొండ లోక్‌సభ బరిలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్టు కాగితం కాస్తా పుస్తకమైంది, పోలింగు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. అప్పటికి డిపాజిట్టు 500 రూపాయలు. ఆ ఏడే చట్టం మార్చి పదివేలు చేశారు. అసెంబ్లీకి 250 ఉన్నది 5,000 అయింది, ఇప్పుడు పదివేలు. ఆటలాడేవాళ్లను ఆపడానికన్నారు. ఎవరు ఆగారు? బాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఆగింది, బిందె కొన్నంత తేలిగ్గా డిపాజిట్టు కట్టలేదు కాబట్టి. ఆటలాడేవాళ్లు ఇప్పటికీ నిలబడుతూనే ఉన్నారు.

ఇక “గెలిచే ఆడవాళ్లు దొరుకుతలేరు” అనే మాట. దీనికి జవాబు మా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి ఉంది, సర్పంచుల పేర్ల బోర్డు. రాజ్యాంగ 73వ సవరణ తర్వాత 1995 నుంచి మూడో వంతు, 2013 నుంచి సగం స్థానాలు ఆడవాళ్లవి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కూడా సగమే ఉంచింది. ముప్పై ఏళ్లుగా ఊరూరా సర్పంచులు, వార్డు మెంబర్లు, ఎంపీటీసీలు, జడ్పీటీసీలు. మీ గుర్తు మీద గెలిచిన జడ్పీటీసీలే వందల మంది ఉంటారు. 2025 డిసెంబరులో మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరిగాయి, మళ్లీ సగం మంది వచ్చారు. ఇంతమందిలో అసెంబ్లీకి పనికొచ్చేవాళ్లు మీకు కనిపించడం లేదా?

కనిపించకపోవడానికి ఒక కారణం నేనే చెబుతాను. దేవరకొండ వైపు ఓ ఊళ్లో గ్రామసభకు పోయాను, చుట్టాల ఇంట్లో పని ఉండి. టెంటు కింద నాలుగు కుర్చీలు. మధ్య కుర్చీలో సర్పంచ్ భర్త, పక్కన కార్యదర్శి, ఓ మూలన సర్పంచ్. వచ్చిన ఆఫీసరు “సర్పంచ్ సాబ్” అని పిలిచింది భర్తనే. రిజిస్టరులో సంతకం పెట్టాల్సిన చోట కార్యదర్శి పెన్సిలుతో చిన్న గీత గీసి ఆమె వైపు జరిపాడు. ఆమె చదవబోతే భర్త వేలు పెట్టి ఆ గీత చూపించాడు. ఇంతలో ఎస్సీ కాలనీ ఆడవాళ్లు ఇద్దరు లేచి నాలుగు రోజులైంది నల్లాలు రాక అన్నారు. ఆయన వెంటనే, “మోటరు కాలింది, మెకానిక్కుకు చెప్పినం” అన్నాడు. అప్పుడు మాట్లాడింది ఆమె. గొంతు పెద్దగా లేదు. “మోటరు మంచిగనే ఉంది. బడి ముందరి వాల్వ్ తిరుగుతలేదు. కింది లైనుకు ఎక్కుతలేవు నీళ్లు. నేను పొద్దుగాల పోయి చూసి వచ్చిన.” టెంటు కింద ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. ఆఫీసరు ఆమె వైపు కుర్చీ తిప్పుకున్నాడు. వాల్వ్ సైజెంతో ఆమెకు తెలుసు, విప్పడానికి ఎవరిని పిలవాలో తెలుసు, పోయిన ఎండాకాలం అదే వాల్వ్ ఎప్పుడు ఆగిందో కూడా తెలుసు.

ఆమె మీకు కనిపించదు. మీ మండల అధ్యక్షుడి ఫోనులో ఉన్నది ఆమె భర్త నంబరు. మీ మీటింగులో దండ పడేది ఆయన మెడలో. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో గుమ్మడికాయంత, ఆమెది స్టాంపంత. పార్టీలు పిలవడం మానేస్తే ఈ సర్పంచ్ భర్తలు నెల తిరక్కుండా ఇంట్లో కూర్చుంటారు. సర్కారు ఉత్తర్వు కన్నా మీ మాటకు బలం ఎక్కువ, ఆ సంగతి మీకూ తెలుసు.

మేం మీకు అసలు పనికిరామని కాదు. బహిరంగసభ నిండాలంటే పొదుపు సంఘాల మీద పడతారు, ఊరికి రెండు బస్సులు, బస్సుకు ఇంతమంది అని. పోలింగు దగ్గర పడితే బొంబాయికి, పుణెకు బండ్లు పంపి పాలమూరు వలస కూలీలను ఊళ్లకు తెస్తారు, ఓటేశాక మళ్లీ అదే బండిలో పంపుతారు. ఓటరు జాబితాల్లో ఈ రాష్ట్రంలో మగవాళ్ల కన్నా మేమే ఎక్కువ ఉన్నాం. అందుకే మీ మేనిఫెస్టోల్లో మొదటి పేజీ మాదే, చీరలు, వడ్డీ లేని రుణాలు, ఉచిత బస్సు. అందులో కొన్ని నిజంగా మంచివే, ఉచిత బస్సెక్కి నేనూ తిరుగుతున్నాను. మేనిఫెస్టోలో మొదటి పేజీ ఇచ్చి అభ్యర్థుల జాబితాలో చివరి వరస ఇస్తే అది మర్యాద కాదు.

చట్టం వచ్చింది కదా, ఆగమంటారు మీరు. 1996 సెప్టెంబరులో మొదటిసారి పార్లమెంటులో పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు 2023 సెప్టెంబరులో పాసైంది, లోక్‌సభలో 454 ఓట్లకు రెండు. ఇరవై ఏడేళ్లు. పాసైనా జనగణన కావాలి, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన కావాలి అని దాంట్లోనే షరతు రాసుకున్నారు. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రావడం లేదు మీకు. 2028లో 26 స్థానాల్లో తొమ్మిది చోట్ల ఆడవాళ్లను నిలబెడతామంటే ఎవరు ఆపుతారు?

సరోజినీ నాయుడు, ఆమె తోటివాళ్లు 1930ల్లో ప్రత్యేక సీట్లు వద్దన్నారు కదా అని మీలో చదువుకున్నవాళ్లు నన్ను నిలదీయవచ్చు. అన్నారు. మాకు దయ అక్కర్లేదు, సమానమైన పోటీ చాలు అన్నారు. వాళ్ల ఆత్మగౌరవానికి దండం పెడతాను. కాకపోతే ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది, స్వరాజ్యం వస్తే కలిసి పోరాడిన మగవాళ్లు తమంత తామే చోటిస్తారని. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సింది పార్టీలు. డెబ్భై ఏళ్లలో నల్లగొండ లోక్‌సభ స్థానానికి ఒక్కసారి కూడా ఆడమనిషిని నిలబెట్టి గెలిపించుకోని మీరు, ఆ తల్లుల మాటను మాకు వ్యతిరేకంగా వాడుకోవడం బాగుండదు.

నా కోరికలు పెద్దవి కావు. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ స్థానాల్లో మీ పార్టీ తరఫున కనీసం తొమ్మిదిమంది ఆడవాళ్లను నిలబెట్టండి. ఓడిపోతామని మీకే తెలిసిన చోట్ల కాదు, మీరు గెలిచిన చోట్ల, లేదా కొద్దిలో ఓడిన చోట్ల. అందులో సగం మందైనా సర్పంచిగానో, ఎంపీటీసీగానో, జడ్పీటీసీగానో, పొదుపు సంఘాల సమాఖ్య నాయకురాలిగానో పనిచేసినవాళ్లు కావాలి. ఎంత పెట్టుకుంటవు అనే ప్రశ్న వాళ్లను అడగొద్దు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ చేసే ఖర్చుకు పరిమితే లేదు. ఆ తొమ్మిదిమంది ఖర్చు పార్టీయే పెట్టుకోవాలి. మీకు వచ్చే చందాలతో పోలిస్తే అది పెద్ద లెక్కేం కాదు. ఇప్పటి నుంచే మండల స్థాయి సమావేశాలకు సర్పంచ్‌ను పిలవండి, సర్పంచ్ భర్తను కాదు. ఆయన వస్తే జనంలో కూర్చోబెట్టండి. అక్కడా కుర్చీలుంటాయి.

షాద్‌నగర్‌లో, దేవరకొండలో ఆ మహిళాసభలు జరిగిన చోట ఒక పలక అయినా పెట్టించండి అని కూడా రాద్దామనుకున్నాను, మానేశాను. పలకలంటే మీరు వెంటనే ఒప్పుకుంటారు. పలక ఆవిష్కరణకు మళ్లీ ఆడవాళ్లను బస్సుల్లో తోలుకొస్తారు. దాంతో అసలు సంగతి పక్కకు పోతుంది.

మీ జవాబు నాకు ఉత్తరంగా రాయనక్కర్లేదు. ఒప్పుకుంటే పత్రికలకు ప్రకటన ఇవ్వండి, ఒప్పుకోకపోయినా ఇవ్వండి. రెండూ చదువుతాం. 2028 అభ్యర్థుల జాబితాలు వచ్చిన రోజు 26 పేర్లూ మా సంఘం మీటింగులో పైకి చదివి లెక్కపెడతాం. ఏ పార్టీ ఎంతమందిని నిలబెట్టిందో రాసి మా ఊరి పంచాయతీ బోర్డు పక్కనే అంటిస్తాం. పోలింగు రోజు దాకా అది అక్కడే ఉంటుంది.

ఇట్లు,
నల్లగొండ జిల్లా ఓటరు ఒకరు